మూసుకోని కారు కన్ను

ఇవాళ మాదాపూర్‌లో మా ఆఫీసు సెల్లార్‌లో ఓ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కనిపించింది. స్విచ్ వేస్తే బానెట్‌లోంచి కనురెప్పల్లా పైకి లేచే హెడ్‌లైట్లు గుర్తున్నాయా మీకు?

తొంభైల చివర్లో, ఇక్కడింకా గుట్టలు పేలుస్తున్న రోజుల్లో, మా బాబాయి అలాంటిదే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని ఎడమ లైటు కిందికి దిగేది కాదు. రిలే మార్చాడు, మోటారు విప్పి కిరోసిన్‌తో కడిగాడు, చివరికి విసుగొచ్చి బ్యాటరీ తీసి అరుగు మీద పెట్టాడు. అయినా అది మమ్మల్నే చూస్తూ ఉండేది.

"ఇంతకుముందు దీన్ని నడిపినాయన ఏమాయెరా?" అని నానమ్మ అడిగింది.

"ఈ బండ్లనే పానం పోయిందటమ్మా," అన్నాడు బాబాయి.

చనిపోయినవాళ్ళ రెప్పలు మూసినట్టు, నానమ్మ అరచేత్తో ఆ లైటును నిమిరింది. "ఇగ పండుకో బిడ్డా."

మోటారు గుర్రుమంది. లైటు మెల్లగా దిగింది.

బ్యాటరీ అరుగు మీదే ఉంది.