నేను వైరస్ అనుకున్న ఉత్తరం

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాకే) కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. డిగ్రీ పూర్తయి ఏడాదైంది. వికారాబాద్ రైల్వే స్టేషన్‌కు కాస్త ఇవతల మా మేనమామ పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. అర్థంకాని జబ్బు ఏదొచ్చినా "వైరస్" అని తేల్చేసి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసేవాణ్ణి. (సగం ఫోన్లు దాంతోనే బాగుపడేవి. మిగతా సగం సంగతి నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు.)

ఒకరోజు పొద్దున సెంటర్ తెరిచీ తెరవకముందే మర్పల్లి వైపు నుంచి ఒక పెద్దాయన తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గొర్లు మేపుకునే మనిషి, భుజాన గొంగడి, చంకలో ఆమె సర్టిఫికెట్ల సంచి. ఇంట్లో పెడితే ఎలుకలు కొడతాయని దాన్ని ఎటుపోయినా మోసుకెళ్తాడట. "కొడుకా, మా బిడ్డకు నౌకరి సంగతి నిన్న మెయిల్ల వచ్చిందంట. అండ్ల ఏమున్నదో సమజయితలేదు. జర సూడు," అన్నాడు. ఫోన్‌లో చూస్తే తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలగలిపి పది వరుసలు. "వైరస్ పెద్దనాయినా. నాగ్గూడ నిన్న గిట్లాంటిదే వచ్చింది, తీసిపారేసిన. మీరు గూడ తీసెయ్యుండ్రి," అన్నాను ధీమాగా.

ఆ అమ్మాయి మెయిల్ తీసెయ్యనివ్వలేదు. నేను ఆమెను ఒప్పించడానికి తెలుగు ఫాంట్లు ఎక్కించాను, ఫోన్ రెండుసార్లు ఆపి ఆన్ చేశాను, ఆఖరికి వైఫై డబ్బా వైరు కూడా పీకి మళ్లీ పెట్టాను. ఆమె మాత్రం ఒక కాగితం మీద ఆ అక్షరాలు రాసుకుంటూ కూర్చుంది. కాసేపటికి తలెత్తి, "అన్నా, మొదటి మాట సూడు. నాలుగు, ఎల్, సీ. తర్వాత నాలుగు, ఎల్, జీ. మళ్ల నాలుగు, ఎల్, సీ. నాలుగేసి అక్షరాలకోసారి గట్లనే వస్తుంది. వైరస్‌కు గింత పద్ధతి ఉంటదా?" అంది. వైరస్‌కు పద్ధతి ఉంటుందో లేదో నేనెన్నడూ ఆలోచించలేదు.

మా కంప్యూటర్లోనే ఆ అక్షరాలు కొట్టి వెతికింది. ఎన్‌కోడింగ్, డీకోడింగ్ చేసే పేజీ ఒకటి దొరికింది. రెండు పెట్టెలు, మధ్యన ఒక బటన్, అంతే. కంప్యూటర్ ఒక్కో తెలుగు అక్షరాన్నీ, గుర్తునూ మూడేసి ముక్కలుగా దాచుకుంటుందనీ, దారిలో పాడవకుండా ఆ మూడింటిని నాలుగు మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా, అంకెలుగా మార్చి పంపుతారనీ, చేరినచోట మళ్లీ మారుస్తారనీ ఆ పేజీలో చదివి నాకే చెప్పింది. ఈ మెయిల్లో ఆ రెండోపని జరగలేదన్నమాట. పై పెట్టెలో మెయిల్ అతికించి బటన్ నొక్కింది. కింది పెట్టెలో ఒక్క ఒత్తు కూడా చెదరకుండా, ముత్యాల్లాంటి తెలుగు! "రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలకు అసలు సర్టిఫికెట్లతో తాండూరులోని మా కార్యాలయానికి ఇంటర్వ్యూకు రావలెను." కింద ఒక నాపరాళ్ల కంపెనీ పేరు. కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. చెత్తబుట్టలోంచి నా మెయిల్ బయటికి తీశాను. ఆమె నా ముఖం చూసి అడక్కుండానే దాన్నీ అతికించి బటన్ నొక్కింది. అదే ఉత్తరం. "నిన్న రాసిన 'రేపు' అంటే ఇయ్యాల్నే గదన్నా! లెవ్వు, రైలుంది," అంది. తనకు పోటీ వస్తాడన్న ఆలోచన ఆమెకు రాలేదో, వచ్చినా లెక్కచేయలేదో నాకు తెలియదు.

సెంటర్‌కు తాళం వేసి, ఇంటికి పరుగెత్తి సర్టిఫికెట్లు తెచ్చుకుని, కదులుతున్న రైలు ఎక్కాను. తలుపు దగ్గర పెద్దాయన నా రెక్క పట్టి లోపలికి లాగాడు. తాండూరు ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం. మిగతావాళ్లంతా నాలాంటి పండితులే కాబోలు. మేనేజర్ ఆశ్చర్యపోయి, "పొద్దటి సంది ఫోన్లే ఫోన్లు. ఏం భాషల పంపినవని తిట్టి పెట్టేస్తున్నరు. మీరెట్ల సదివిండ్రు?" అని అడిగాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన ఆమె కాగితం మడతపెట్టుకుని నిలబడి ఉంది. "నేను సదవలే సార్. ఈ చెల్లె సదివింది," అన్నాను. ఆయన ఆమెకు కుర్చీ చూపించి, అక్కడికక్కడే ఆ బటన్ సంగతి నేర్చుకున్నాడు. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

తిరుగు రైల్లో పెద్దాయన జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టి, "ఫికర్ జెయ్యకు కొడుకా," అన్నాడు. నిజానికి నాకు ఫికర్ లేదు. వికారాబాద్ వచ్చేదాకా "ఇంకోపారి జెప్పు చెల్లె, మూడెట్ల నాలుగైతయి?" అని అడుగుతూనే ఉన్నాను. ఆమె విసుక్కోకుండా కాగితం మీద గీసి చూపిస్తూనే ఉంది. ఒక ఉద్యోగం పోగొట్టుకుని, నోటినిండా రొట్టెతో, అంత సంతోషంగా పాఠం విన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తాడు. అంత బుద్ధిగా నేను మళ్లీ ఎవరి ముందూ కూర్చోలేదు.