నిద్రగన్నేరు నీడ

మొన్న ఉదయం మా వీధి చివరి పార్కులో, కొమ్మ విరిగి ఎవరి కారు మీదో పడిందని, ఓ పెద్ద చెట్టును యంత్రంతో కోసేశారు. వాకింగుకు వచ్చినవాళ్లు కాసేపు నిలబడి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. నేనూ ఇంటికి వచ్చేశాను గాని, కాఫీ కలుపుతున్నంతసేపూ డెబ్భైల చివరినాటి రాజమండ్రి, మా అత్తవారిల్లు గుర్తుకొస్తూనే ఉన్నాయి.

మావగారికి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టుండేది. మావారు కొట్టు వంక చూడకుండా మునిసిపాలిటీలో పార్కుల సూపర్‌వైజరుగా చేరడం ఆయనకు ఏనాడూ నచ్చలేదు. మావారు చూసే పార్కుల్లో మా ఇంటికి దగ్గరదాని నడుమ ఓ నిద్రగన్నేరు గొడుగు పట్టినట్టు ఉండేది. సాయంత్రాలు దాని కింది బల్లల మీద మా అత్తగారూ, ఆవిడ ఈడు ఆడవాళ్లూ కబుర్లు చెప్పుకునేవారు. ఓ ఎండాకాలం, ఆకైనా కదలని సాయంత్రం, కొమ్మ ఒకటి ఫెళ్లున విరిగి అత్తగారి భుజం మీద పడి ఎముక విరిగింది.

ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజునే మావగారు కొడుకును పిలిచారు.

"ఆ చెట్టు రేపే కొట్టించెయ్యరా. ఇవాళ మీ అమ్మ. రేపు ఏ పసిపిల్లో అయితే?"

"కొట్టెయ్యడం ఒక్కపూట పనండి నాన్నగారూ. మళ్లీ అంత నీడ రావాలంటే నా జీవితకాలం చాలదు," అన్నారు మావారు తల దించుకునే.

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. చివరికి మావారు పైవాళ్లను ఒప్పించి, పుచ్చిన కొమ్మలూ మరీ బరువుగా వాలినవీ కోయించి, బల్లలను, నడిచే దారిని దూరంగా జరిపించి, చెట్టు కిందికి ఎవరూ వెళ్లకుండా కంచె వేయించారు. మావగారు కొడుకుతో మాట మానేశారు. ఇద్దరూ పక్కపక్కనే భోజనానికి కూర్చునేవారు గాని, మజ్జిగ కావాలో వద్దో కూడా నా ద్వారానే తెలుసుకునేవారు.

కట్టు విప్పాక అత్తగారు పార్కుకు వెళదామన్నారు. మావగారూ మా వెనకే వచ్చారు. జరిపిన బల్ల మీద కూర్చుంటే పడమటెండ సూటిగా మొహాన కొట్టింది. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, "చెట్టు బతికింది, బానే ఉంది. మరి మాకు నీడేదే అమ్మాయ్?" అన్నారు. ఎవరినీ తప్పుపట్టి కాదు, నిజంగానే అడిగారు.

ఆ పూట భోజనాల దగ్గర మావగారు కంచంలోంచి తలెత్తకుండానే, "ఆ బల్లల మీదికి తాటాకు పందిరి వేయిస్తాను. దానిక్కూడా మీ ఆఫీసు పర్మిషన్ కావాలేంట్రా?" అన్నారు.

"అది నేను చూసుకుంటానండి," అన్నారు మావారు, మజ్జిగ గిన్నె ఆయన వైపు జరుపుతూ.

పందిరి ఏటేటా కొత్తది పడుతూ వచ్చింది. మావగారు చివరిదాకా ఆ చెట్టును క్షమించలేదు, మావారు వానలకు ముందు దాని కొమ్మలు చూసి రావడం మానలేదు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. మా పిల్లలు ఒకరితో ఒకరు ఎంతో మర్యాదగా మసలుకుంటారు. ఒక చెట్టు ఉండాలా పోవాలా అని ఎవరూ ఎవరి మీదా అలగరు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత నాకింకా అలవాటు కాలేదు.