భోజనాల బల్ల దగ్గర బోర్డు మీటింగు

మా అన్నయ్యకు దువ్వాడ దగ్గర ఇనుప షెడ్లు కట్టే కంపెనీ ఉండేది. అందులో నేనూ మా ఆయనా డైరెక్టర్లం. బోర్డు మీటింగంటే ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ఇంట్లో భోజనం. తీర్మానాలు ముందే టైపై ఉండేవి. వదిన వంజరం పులుసు వడ్డించేది, తిని చెయ్యి కడుక్కుని సంతకాలు పెట్టేవాళ్లం. డైరెక్టరుగా నా బాధ్యత అప్పడాలు వేయించడం.

కంపెనీని పెద్దది చెయ్యాలని అన్నయ్యకు యావ పట్టింది. కొత్త యంత్రాలకు డబ్బు కావాలి. రుషికొండలో ఆఫీసున్న ఒకాయన వాటా ఇస్తే పెట్టుబడి పెడతానన్నాడు. కాకపోతే తన మనిషి బోర్డులో కూర్చోవాలి, తాను చెప్పిన ఆడిటరే లెక్కలు చూడాలి. అన్నయ్య మొహం మాడిపోయింది. ఇంట్లో ఏసీల దగ్గర్నుంచి కూతురి కాలేజీ కారు దాకా అన్నీ కంపెనీ ఖర్చులోనే నడుస్తున్నాయి మరి.

ఆ ఆదివారం బ్యాంకు అప్పు తీర్మానం వచ్చింది. హామీగా గోపాలపట్నంలో మా ఇల్లు రాశారు. మా ఆయన ఉద్యోగమంతా పోర్టులో క్రేన్ నడిపి కట్టిన ఇల్లు అది.

"ఆయనకి వాటా ఇచ్చేత్తే సరిపోద్ది కద బావా, అప్పెందుకు?" అన్నాడు మా ఆయన.

"అప్పిచ్చినోడికి వడ్డీ కట్టేత్తే నోరు మూసుకుంటాడు బావా. వాటా ఉన్నోడు రోజూ వచ్చి ఏటి సేత్తన్నావని అడుగుతాడు. మన కంపెనీలో బయటోడి పెత్తనం ఏటి?"

ఒకరింట అన్నం తిని, అదే బల్ల దగ్గర కాదనడం మర్యాద కాదని మా ఆయన నమ్మకం. సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. అన్నయ్య సంతోషించి, చెయ్యి కడుక్కున్న బావకి వదిన చేత ఇంకో చేపముక్క వడ్డింపించాడు.

యంత్రాలు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. బ్యాంకు వాళ్లు మా గేటుకి నోటీసు అంటించారు. ఇల్లు వేలంలో పోయింది. మిగిలిన అప్పు కోసం అన్నయ్య అదే రుషికొండ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. ఈసారి ఆయన సగానికి పైగా వాటా కారుచౌకగా లాక్కుని, అన్నయ్యను జీతానికి పెట్టుకున్నాడు. మమ్మల్ని బోర్డులోంచి తీసేశారు. ఆ తీర్మానానికి పులుసు కూడా పెట్టలేదు.

ఇప్పుడు అదే పేటలో అద్దెకుంటున్నాం. పాత ఇంటి ముందు నుంచి నడవలేక మా ఆయన చుట్టు తిరిగి బజారుకెళ్తాడు. మొన్న అన్నయ్య వస్తే తలొంచుకుని అడిగాడు.

"కంపెనీ నిలబడింది కద బావా. మా ఇంటికి ఏదో కొంత..."

"నా సేతిలో ఏటుంది బావా. నాను అడిగాను. బోర్డు ఒప్పుకోనేదు."

ఆ మాట అనేసి చెయ్యి కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇల్లు పోయాక గాని అన్నయ్యకు బోర్డు గుర్తు రాలేదు. ఆ రోజు వంజరం పులుసే వండాను. ఆయన ముందున్న కంచం తీసేశాను.

"ఈ ఇంట్లో బోర్డు నానే అన్నయ్యా. ఒప్పుకోను. ఎల్లు."

అన్నయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చిన మనిషి దగ్గర మర్యాద తప్పానని మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.