అమ్మ ఫొటోలకు కొత్త సిస్టమ్

అమ్మ సంవత్సరీకం అయిన కొద్దిరోజులకు, ఆఫీసు పని ఉండి లాప్‌టాప్ తెరిచాను. తెర మూలన చిన్న పెట్టెలో అమ్మ ముఖాలు ఒకదాని వెంట ఒకటి రావడం మొదలైంది. వెనక ఏదో సంగీతం. నేనేమీ అడగలేదు. ఆసుపత్రి మంచం మీది ఫొటో కూడా అందులో ఉంది. మెషీనే అమ్మను గుర్తుపట్టి, ఏరి, వరసగా పేర్చింది. వెంటనే మూత వేసేశాను.

ఆదివారం చెల్లెలు అడాజన్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది. తను బాపుతో ఊరి అవతలి వైపు, మేం పెరిగిన గోడాదరా వాడలోనే ఉంటుంది, పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. జరిగింది చెప్పి, ఇలా తనంతట తానే ఏరి చూపని, మన ఫొటోలు బయటికి పోని సిస్టమ్ ఏదన్నా లాప్‌టాప్‌లో పెట్టివ్వమన్నాను.

"ఏందక్కా, మన రూముకు తలుపన్న సక్కగుండెనా? ఇప్పుడు నీకు గింత పరదా గావాల్నా?" అని నవ్వింది.

నిజమే. చిన్నప్పుడు గోడాదరాలో ఆ ఒక్క గదిలో నలుగురం. బాపు రాత్రి పాళీ పని చేసొచ్చి పగలు పడుకుంటే మేం పెదాలు కదిపి చదువుకునేవాళ్లం. మేం బట్టలు మార్చుకోవాలంటే అమ్మ తన చీర ఒకటి రెండు చేతులతో చాపి, మొహం అటు తిప్పుకుని నిలబడేది. మా ఇంటి ఏడుపులు వాడంతా వినేది. అయినా, ఎవరు విన్నారో మాకు తెలిసేది.

చెల్లెలు పక్కన కూర్చుని వివరించింది. "ఒకటి పెన్‌డ్రైవ్ మీంద నడుస్తది. బంద్ చేస్తే అన్నీ మర్చిపోతది. మస్తు భద్రం."

"మర్చిపోయేది నాకొద్దే."

"ఇంకోటి ఒక్కో పనిని ఒక్కో అర్రల పెట్టి తలుపేసినట్టు వేరువేరుగ పెడ్తది. గని నీ పాత లాప్‌టాప్ దాన్ని మొయ్యది."

చివరికి మామూలు లినక్స్ సిస్టమ్ ఒకటి ఎంచుకున్నాం. అది ఖాతా తెరవమని అడగదు, మనం పంపితే తప్ప ఫొటోలు ఎక్కడికీ పంపదు, డిస్కు మొత్తానికి తాళం వేసుకోవచ్చు.

కొత్తది ఎక్కిస్తే పాతవి చెరిగిపోతాయని, ముందు ఫొటోలన్నీ వేరే డిస్కులోకి తీస్తూ చూస్తూ కూర్చున్నాం. డుమస్ సముద్రపు ఒడ్డున వేడి టమాటా భజియా, అదే బజ్జీ, కొరికి, నోరు కాలి, కళ్లు గట్టిగా మూసుకున్న అమ్మ. ఫొటో మూలన, తీసినవాళ్లదే, బొటనవేలు అడ్డం పడింది. నువ్వు తీశావంటే నువ్వు తీశావని వాదించుకుని బాపుకు ఫోన్ చేశాం.

"నేనే తీసిన బిడ్డా," అన్నాడు బాపు. "మీ అమ్మ ఊదుకోకుంటనే నోట్లె పెట్టుకున్నది. నాకు నవ్వాగలే." అని అవతల మళ్లీ నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా వినడం అదే మొదలు.

సాయంత్రానికి కొత్త సిస్టమ్ ఎక్కింది. ప్రింటర్ మాత్రం ఇప్పటికీ దాని మాట వినదు. కాగితాలు కావాలంటే కింద దుకాణానికి పోతాను. అమ్మ ఫొటోలు ఓ ఫోల్డర్‌లో ఉన్నాయి. చూడాలనిపించినప్పుడు నేనే తెరుస్తాను.