డ్రాయింగు మాస్టారి కొండ

మీరు ఆయన్ని చూసి నవ్వారు. టీ కొట్టు దగ్గర నిలబడి నవ్వారు, ఆఫీసు బల్ల వెనక కూర్చుని నవ్వారు, ఆయన కుంటుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా ఆగి మరీ నవ్వారు. పోయిన మంగళవారం పొద్దున మా డ్రాయింగు మాస్టారు పోయారు. మధ్యాహ్నానికి మీరే దండలు పట్టుకుని వచ్చారు. 'మహానుభావుడండీ' అన్నారు. ఆయన బతికుండగా ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఇవాళ ఆ మాట అనే హక్కు మీకు ఉండేది.

కోపంగా రాస్తున్నానని అంటారు. అవును, కోపంగానే రాస్తున్నాను. మెత్తగా మాట్లాడటం ఆయనకు చేతనయ్యేది. దానివల్ల ఒరిగిందేమిటో చూశాం.

ఆయన యానాం బళ్ళో బొమ్మలు నేర్పేవారు. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో సగానికి విరిచిన బ్లేడు. రబ్బరు మాత్రం ఉండేది కాదు. పిల్లలెవరైనా తప్పు గీత చెరపబోతే చెయ్యి పట్టుకునేవారు. "చెరపకురా. పక్కనే సరైన గీత గియ్యి. ఎక్కడ తప్పామో కనపడాలి కదా" అనేవారు. నేను ఆయన శిష్యుణ్ణి కాను. అదే వీధిలో ఉండేవాణ్ణి, సాయంత్రం అయ్యేసరికి దేవుడి మీదో ప్రభుత్వం మీదో ఆయనతో తగాదా పెట్టుకునేవాణ్ణి. సాసర్లో పోసుకున్న టీ చల్లారేదాకా ఆయన ఓపిగ్గా వినేవారు. తాగడం అయ్యాక ఒక్క మాటతో నా వాదన ఎక్కడ కారుతోందో చూపించేవారు.

ఎనభైఆరు వరద వెళ్ళిన తరువాతి చలికాలం అది. సంతకు చింతపండు తెచ్చిన ఒక కొండ మనిషి తూకం రాయికి బదులు ఒక రాతి ముక్క వాడుతున్నాడు. దాని మీద సగం తామర పువ్వు చెక్కి ఉంది. మాస్టారు చింతపండు సంగతి మర్చిపోయారు.

"ఇది ఎక్కడిది బాబూ?"

"మా కొండ మీద ఇలాటియ్యి శానా ఉన్నాయండి. మెట్లున్నాయి, ఇటిక గదులున్నాయి. ఎవురూ ఉండరు."

అది పూర్వం బౌద్ధ భిక్షువులు ఉన్న విహారమని మాస్టారు ఆ సాయంత్రమే తేల్చేశారు. వారం తిరక్కుండా నలుగురం బయలుదేరాం: మాస్టారు, నేను, బట్టల కొట్టు సత్తిబాబు, కనకాలపేటలో పడవ నడిపే అంతోని.

రంపచోడవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. మాలో ఒక్కరూ అంతకుముందు కొండ ఎక్కలేదు. మా ఊళ్ళో ఎత్తంటే ఏటిగట్టే. మాస్టారు గొడుగు తెచ్చుకున్నారు. అంతోని ఎండుచేపల సంచి తెచ్చాడు. మొదటి రోజంతా సత్తిబాబు ఆ సంచికి అందనంత ముందు నడిచాడు.

"ఒరే అంతోనీ, గాలి తిరిగినప్పుడల్లా ఆ కంపు నా ముక్కులోకే వస్తుందిరా."

"మరి ముందే నడండి సత్తిబాబుగారూ. మీ కొట్లో గంజి కంపు గురించి నేనెప్పుడన్నా అన్నానేటి?"

"మూడో రోజుకి అందరిదీ ఒకటే వాసన," అన్నారు మాస్టారు వెనక నుంచి. "అప్పుడు ఎవరు ఎవర్ని వెలేస్తారో చూద్దాం."

మూడో రోజు దాకా ఆగక్కర్లేకపోయింది. రెండో సాయంత్రం పప్పు మాడింది. సత్తిబాబు తన కంచం అంతోని వైపు జరిపాడు. అంతోని పెద్ద ముక్క చూసి వేశాడు.

మర్నాడు పైకి చేరాం. చెట్ల వేళ్ళ కింద నుంచి రాతిమెట్లు పైకి పోతున్నాయి. పైన వరసగా ఇటుక గదులు, ఒక్కొక్కటీ ఒక మనిషి పడుకునేంత. కప్పులు లేవు. మాస్టారు ఒక గదిలోకి వెళ్ళి కూర్చున్నారు, చాలాసేపు పెన్సిలు ముట్టుకోలేదు. నేను ఊరుకుంటానా? ఇన్ని రాళ్ళు ఇంత ఎత్తుకు మోసినవాళ్ళకి ఎవరు ఏం ఇచ్చారని మొదలుపెట్టాను. "అడగాల్సిన ప్రశ్నే," అన్నారు. "కూర్చుని అడగండి. ఒకరి గదిలోకి వచ్చి నించుని అరవడం బాగోదు."

దిగేటప్పుడు దారి తప్పాం. అప్పుడు మేము చేసిన పని గోదావరి చివర పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. అంతోనికి ఒక వాగు కనపడింది.

"నీళ్ళెంట పోతే గోదారి రాదేటండీ? గోదారొస్తే ఇల్లొచ్చేసినట్టే."

ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. పుట్టినప్పటి నుంచీ నీటి పక్కన నడిచి ఇంటికి చేరినవాళ్ళం. మాకు తెలిసిన నీరు నెమ్మదిగా పోతుంది, మనిషిని వదిలేసి పోదు. మాస్టారే సరేనని ముందు నడిచారు. వాగు ఒక మలుపు తిరిగి ఉన్నట్టుండి లోయలోకి పడిపోయింది. మాస్టారు నాచు మీద జారి, అంచున రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఆగారు. ప్రాణం దక్కింది. మడమ పైన ఎముక విరిగింది.

మా కేకలకు దగ్గర పొలంలోంచి కొండరెడ్డి దంపతులు పరిగెత్తుకొచ్చారు. "నీళ్ళెంట ఎందుకొచ్చారు బాబూ?" అంది ఆవిడ. "నీళ్ళకేం, దూకేత్తాయి. ఆటికి కాళ్ళున్నాయా ఇరగడానికి?"

మాస్టారు నొప్పిలోనే నవ్వారు. "మాది యానాం అమ్మా. మా నీళ్ళు దూకవు."

సత్తిబాబు పంచె వెదురుకు కట్టి డోలీ చేశారు. అవతలి వైపు నుంచి దిగితే రోడ్డు దగ్గరని అటు నుంచి దించారు. అందువల్లే చూశాం. విహారం మెట్లు ఆ వైపు కూడా ఉన్నాయి. వాటిని కింది నుంచి పెళ్ళగించి కంకర కొడుతున్నారు. రోడ్డు పక్కన గుట్ట పోశారు. గుట్టలో తామర రేకులు, ఒక ఏనుగు కాలు, ఎవరివో చేతి వేళ్ళు.

"దింపండి," అన్నారు మాస్టారు.

ఒకావిడ సుత్తితో కొడుతూ ఉంది. "ఆ పువ్వున్నవి ఎందుకమ్మా కొడుతున్నారు?" అని అడిగారు.

"పువ్వున్నది తొందరగా పగులుద్దండి. నల్లరాయైతే సేతులు పోతాయి. మాకు తట్టకింతని కూలి."

నేను కాంట్రాక్టరు ఎక్కడని కేకలు పెట్టాను. మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆవిడ ముందు అరవకండి. ఆవిడకి ఈ రాయి చూపించినవాడి ముందు అరవండి." అని, డోలీలో పడుకునే ఆ గుట్ట బొమ్మ గీశారు. తప్పిన గీత చెరపకుండా పక్కనే మళ్ళీ గీశారు.

ఆ తరువాత ఆయన చేసిందంతా ఆ బొమ్మలు మోయడమే. మెట్లు కొట్టడం ఆపమని రాసిన అర్జీ కాగితంతో కలిపి ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి, భుజానికి తగిలించుకుని, కర్ర పొడుచుకుంటూ ఆఫీసులు ఎక్కారు. అటు ఆంధ్రా ఆఫీసుకి వెళితే, "మీరు పాండిచ్చేరి వాళ్ళు కదండీ, ఆంధ్రా కొండతో మీకేం పని?" ఇటు యానాం ఆఫీసుకి వస్తే, "అది మన ఏరియా కాదు మాస్టారూ, అసలు మనకి కొండే లేదు." ఆయన గొంతు పెంచకుండా అడిగారు: "నా కాలు ఆంధ్రాలో విరిగింది, కట్టు యానాంలో కట్టారు. ఈ కాలు ఏ ప్రభుత్వం కిందికి వస్తుందో చెప్పండి, వాళ్ళనే అడుగుతాను." గదిలో అందరూ నవ్వారు. కాగితం ఎవరూ తీసుకోలేదు.

మీరేమో ఆయనకు 'వాగు మాస్టారు' అని పేరు పెట్టారు. "ఈసారి పడవేసుకుని ఎక్కండి మాస్టారూ" అని కేకేసింది ఎవరో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆయన వాడి ముందుకీ కాగితం చాచారు. "సంతకం పెట్టి నవ్వండి బాబూ. రెండూ చేయొచ్చు." వాడు ఒక్కటే చేశాడు.

ప్రగతిశీలురమని చెప్పుకునే మనవాళ్ళని కూడా వదలను. "మనుషులు చస్తుంటే పాత రాళ్ళ గొడవేమిటి?" అన్నారు మా సమావేశంలో. ఆ సుత్తి పట్టుకున్నావిడ మనిషి కాదా? ఆవిడ చేతులు అరగదీసేవాడూ, ఆ మెట్లు మింగేవాడూ ఒకడే కదా? ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ఇంకెన్ని పుస్తకాలు చదవాలి మనం?

చివరి రోజుల్లో ఆయనకు ఊపిరి అందేది కాదు. సత్తిబాబు, అంతోని కొండకు వెళ్ళి వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"మెట్లున్నాయా?"

"ఆయ్, అలాగే ఉన్నాయండి. గదులూ ఉన్నాయి," అన్నాడు సత్తిబాబు.

అంతోని తల దించుకున్నాడు. మాస్టారు అంతోని వైపే చూశారు. "సరే," అన్నారు. "గదులన్నా ఉన్నాయన్నమాట."

అవతలి వైపు మెట్లు లేవు. గదుల గోడల దాకా తవ్వుకుంటూ వచ్చేశారు. వానలు పడేలోగా ముగించాలని తొందరలో ఉన్నారు. నాకేదో ఆశ ఉందని అబద్ధం చెప్పను. ఎవరి తలుపు కొట్టాలో కూడా తెలియడం లేదు. ఆయన కొట్టనిది ఏదీ మిగల్లేదు. మీరే మిగిలారు. మిమ్మల్నే అడుగుతున్నాను.

గదుల దగ్గర సుత్తి పని ఈ వారమే ఆగాలి.

రెండు ప్రభుత్వాల్లో ఏదో ఒకటి ఆ కాగితం తీసుకోవాలి. కొండ ఎవరిదో తరువాత తేల్చుకోవచ్చు.

కంకర కొట్టేవాళ్ళకు ఇంకో చోట పని చూపించాలి. కూలి తగ్గకూడదు.

ఆయన బొమ్మలు బళ్ళో పిల్లలకు అందే ఎత్తులో పెట్టాలి.

సంతాప సభ పెట్టకండి. ఆ రోజు బస్సెక్కి మాతో రండి.

పైకి వచ్చాక గదికి ఒకరు చొప్పున కూర్చోండి. లారీ వచ్చినా లేవకండి.