కుక్క ఎవరిది?

1944 వేసవి. నాగర్‌కర్నూలు దవాఖానలో కంపౌండర్‌గా మందులు కలపడం, సూదులు వేయడం నా పని. లింగాల దిక్కు పల్లె నుంచి నాగయ్య తన భార్య బాలమ్మను తీసుకొచ్చాడు. ఆమె పిక్క మీద కుక్కకాటు. ఇద్దరూ దొర పొలంలో కూలీలు. దొర తన బండినీ, తోలే మనిషినీ ఇచ్చి పంపాడంటే మంచివాడే అనుకున్నాం.

"కుక్క ఏమైంది?" అని డాక్టరు అడిగితే, నాగయ్య నోరు తెరిచేలోపే బండి మనిషి అందుకున్నాడు. "పిచ్చిది సాబ్. అడివి దిక్కు ఉరికింది. ఎవరిదో తెల్వదు."

ఆ పిచ్చి, అంటే రేబీస్, మనిషికి సోకి బయటపడితే ఇక దక్కడు. అందుకే పొట్టమీద రోజుకో సూది మొదలుపెట్టాం. ఆ వ్యాక్సిన్ అప్పట్లో గొర్రె మెదడుతో తయారయ్యేది. ఆ మాట చెబితే బాలమ్మ నవ్వింది. "అయితే రేపటి సంది మా ఆయన నాకు గడ్డి ఏస్తడు."

రెండో వారం చివర ఒక పొద్దున ఆమె నన్ను కేకేసింది. "సాబ్, నా కాళ్లు యాడున్నయ్?"

కాలి వేలు గిల్లాను. ఆమెకు తెలియలేదు. వరండాలోని రోగులు చాపలు చుట్టుకుని దూరం జరిగారు. నాగయ్య చెంబుతో నీళ్లు తెచ్చి, చెయ్యి చాపినంత దూరంలో పెట్టాడు. ఆమె గటగటా తాగేసింది.

"నాకు నీళ్లంటే భయం లేదు. మీ మొకాలు సూస్తేనే భయమైతుంది."

నీళ్లు తాగినా నమ్మలేమన్నాడు డాక్టరు. కొందరిలో పిచ్చి పక్షవాతంలాగే మొదలవుతుందట. లేదా ఇది సూది పని కావచ్చు. నరంలో కబురు విద్యుత్తుగా నడుస్తుంది. నరం చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటేనే ఆ కబురు వేగంగా సాగుతుంది. సూదిలోని గొర్రె మెదడు మీద తిరగబడిన ఒళ్లు ఒక్కోసారి సొంత మైలిన్‌నూ కొరికేస్తుంది. అప్పుడు కబురు దారిలోనే ఆగిపోతుంది.

"సూదులు ఆపితే పిచ్చి రావచ్చు. వేస్తే పక్షవాతం ఊపిరిదాకా పాకవచ్చు. ఆ కుక్క బతికుందో లేదో తెలిస్తే చాలు," అన్నాడు డాక్టరు.

ఇన్నాళ్లూ వాళ్లను వదలకుండా ఉన్న బండి మనిషి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. నాగయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కుక్క దొరది సాబ్. ఆయనుండే గడి ముంగట కట్టేసుంది. మొన్న ఊరికి పోయినప్పుడు గూడ సూసిన, మంచిగ తింటుంది. నేను చెప్పిన్నని తెలిస్తే మమ్మల్ని ఊర్ల ఉండనియ్యరు."

కరిచి పది రోజులు దాటినా కుక్క బతికుంటే దానికి పిచ్చి లేనట్టే. ఆ పూటే సూదులు ఆపాం. మొదటి రోజే తెలిసుంటే కుక్కను పది రోజులు కనిపెట్టి, ఆ తర్వాత ఒక్క సూదీ వేసేవాళ్లం కాదు.

మైలిన్ మెల్లగా మళ్లీ అల్లుకుంటుంది. వానాకాలం పోయాక బాలమ్మ కర్ర ఊతంతో వచ్చింది. "గొర్రె నడక వచ్చింది సాబ్," అంది.

"ఆ కుక్క ఇంకా ఉందా?" అన్నాను.

ఆమె జవాబిచ్చే ముందు తలుపు వైపు చూసింది. "ఏ కుక్క సాబ్?"

ఆ తర్వాత నా కొలువులో ఎన్నో కుక్కకాట్లు చూశాను. వెంట వచ్చినవాళ్లందరినీ బయటికి పంపి, తలుపు వేశాకే కుక్క ఎవరిదని అడిగేవాణ్ణి.