చేపలు పడని మామ్మ

మా పెద్దది నన్ను "అండీ" అని పిలిచేది. పెద్దది అంటే పదేళ్ల పిల్ల, మావారి మొదటి భార్య కూతురు. నేను ఆ ఇంటికి వచ్చేసరికి వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. పెళ్లినాడు ఎవరో పెద్దావిడ పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇక నుంచి అమ్మా అని పిలవాలి, సరేనా?" అంది. పిల్ల బుద్ధిగా తలూపింది. మర్నాడు పొద్దున్న నేను పాలు కాస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "నా రిబ్బన్లు ఎక్కడున్నాయో చూశారా అండీ?" అని అడిగింది.

మా వైపు అండీ లేనిదే మాట లేదు. కండక్టరుకి అండీ, కూరలమ్మే ఆవిడకి అండీ, రాంగ్ నంబరు వచ్చినా "ఎవరండీ?" అనే అంటాం. మావారిని నేనూ అండీ అనే పిలుస్తాను. కానీ కన్నతల్లిని అండీ అనే పిల్లని నూజివీడు చుట్టుపక్కల నేనింతవరకు చూడలేదు. అమ్మని నువ్వు అంటాం. ముద్దొస్తే రావే అంటాం, కోపమొస్తే పోవే అంటాం. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం "ఎంత మర్యాదండీ పిల్లకి!" అని తెగ మెచ్చుకునేవాళ్లు. నాకు లోపల ఒళ్లు మండిపోయేది. పైకి నవ్వి ఇంకో గారె వడ్డించేదాన్ని.

చిన్నాడితో ఏ పేచీ లేదు. వాడికి ఆరేళ్లు. రెండో రోజుకే "పిన్నీ" అంటూ చీర కుచ్చిళ్లు పట్టుకుని తిరిగాడు. పెద్దది అలా కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది, చెప్పిన పని చేసేది, నా నుంచి మాత్రం ఏమీ అడిగేది కాదు. నేను బస్ డిపోలో ఉద్యోగం చేస్తాను. బస్సు కాస్త ఆలస్యమైతే కౌంటరు ముందు జనం కంటే నాకే ముందు చిరాకొస్తుంది. ఓపిక నాకు పుట్టుకతోనూ రాలేదు, జీతంతోనూ రాలేదు. అలాంటి నేను ఒక్క పిలుపు కోసం ఏడాది కాచుక్కూర్చున్నానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ చలికాలం ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే పిల్ల వచ్చి పక్కన నిలబడింది. వాళ్ల క్లాసులో ఎవరో అమ్మాయి గాలంతో చేప పట్టానని గొప్పలు చెప్పిందట. "నాకు గాలం వెయ్యడం నేర్పిస్తారా అండీ?" అంది. ఏడాదిలో ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి కోరిక అది. నేను దుప్పటి సగం మడతలో వదిలేశాను. ఇది చెడిపోతే ఇంకోటి అడగదని నాకు తెలుసు. సరేనని మాటిచ్చేశాక గుర్తొచ్చింది, మావారికి చేప అంటే పులుసులో ముక్కే తప్ప ఇంకేమీ తెలియదని. నాకూ అంతే.

కాబట్టి నేర్పే మనిషి కావాలి. మావారు ఫోన్లో "ఫిషింగ్ గైడ్" అని వెతికారు. ఆ ఫోను గోవా చూపించింది, కేరళ చూపించింది, చివరికి చేపల మేత అమ్మే కొట్టు ఒకటి చూపించి ఊరుకుంది. ఇక నోటిమాట మీదే వెతుక్కున్నాం.

మొదట హనుమాన్ జంక్షన్‌లో ఒకాయన దగ్గరికి వెళ్లాం. చక్రాలున్న గాలాలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, గోడ మీద ఆయన ఎత్తి పట్టుకున్న పెద్ద చేపల ఫొటోలు. మనిషి మంచివాడే. బయట లారీల హారన్ల మధ్య ఏదో వివరిస్తూ ఉండగా మా చిన్నాడు చక్రం తిప్పాడు. దారం అంతా పిచ్చుకగూడు అయిపోయింది. ఆయన వాడి చేతిలోంచి గాలం లాక్కుని "పిల్లల్ని పట్టుకోండి సార్" అన్నాడు. కోప్పడింది వాణ్ణి. వెనక్కి జరిగి వాళ్ల నాన్న చొక్కా పట్టుకున్నది మాత్రం పెద్దది. నేను "వస్తామండీ" అని లేచాను.

తరవాత రెడ్డిగూడెంలో ఒక రిటైరైన పెద్దాయన. ఆయనకి తెలియని చేప లేదు. అరుగు మీద కూర్చోబెట్టి పిల్ల చేత ముడి వేయించారు. "అలా కాదమ్మా" అన్నారు. మళ్లీ వేసింది. "అలా కాదమ్మా, ముందు విను" అన్నారు. పిల్ల ప్రతిసారీ "సరే అండీ" అంటోంది. ఆ గొంతు ఒక్కో మెట్టూ దిగిపోవడం నాకు వినిపిస్తోంది. అది మా ఇంట్లో వినే గొంతే. అక్కడి నుంచీ లేచి వచ్చేశాం.

మూడో మనిషి సంగతి చాట్రాయి రోడ్డులో టీ కొట్టాయన చెప్పాడు, అదీ వద్దని చెప్పడానికే. "తోటల్లో పనికెళ్లే మామ్మ ఒకావిడ ఉందండీ, పని లేనప్పుడు కుంట దగ్గరే ఉంటది. ఆవిడతో మాత్రం వెళ్లకండి. చేపలు పడవు, పొద్దు పోద్దంతే." నాకెందుకో ఆ మాట నచ్చింది. ఒకరోజు డ్యూటీ అయ్యాక ఒక్కదాన్నే వెళ్లాను.

తోట చివర వాన నీళ్లు పట్టే కుంట అది. గట్టు మీద తెల్ల చీర కట్టుకున్న ముసలావిడ వెదురు గాలం పట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి "పిల్లలకి గాలం నేర్పుతారా అండీ?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూడకుండా అరచెయ్యి ఒకటి ఎత్తింది, ఆగమన్నట్టు. నీళ్ల మీద గాలం దారానికి కట్టిన తెల్ల బెండు ముక్క చిన్నగా కదులుతోంది. ఆగాను. కాకులు మామిడి చెట్ల మీదకి చేరాయి, వెలుగు పసుపు నుంచి బూడిదలోకి తిరిగింది, నేను ఏ పని మీద వచ్చానో మర్చిపోయేంత సేపు గడిచింది. బెండు కదలడం మానేసింది. "పోయింది" అంది ఆవిడ, చేప పడినంత సంతోషంగా. అప్పుడు నా వైపు తిరిగి "ఏంటండీ?" అంది.

"మా చిన్నాడు దారం చిక్కులు వేస్తాడండీ."

"వేత్తే విప్పుదాం."

"పొద్దంతా పట్టొచ్చు."

"పొద్దు యాడికి పోద్దండీ?" అంది. "ఆదివారం మాత్రం కుదరదు, ప్రార్థనుంటది. మిగతా ఏ రోజైనా రండి."

ఆ మాటతో నేను వెతకడం ఆపేశాను.

రెండో శనివారం తెల్లవారకముందే బయల్దేరాం. ఆ పొద్దుటిని తలుచుకుంటే ఇప్పటికీ అది నేను నిజంగా చూశానో కలగన్నానో తెలియదు. ఊరు దాటగానే పొగమంచు కమ్మేసింది. రోడ్డుకి రెండు వైపులా తోటలున్నాయని కంటికి తెలియడం లేదు. అద్దం దించితే మామిడి పూత వాసన, కొంచెం తీపి, కొంచెం వగరు, కారంతా నిండిపోయింది. చిన్నాడు నా ఒళ్లో నిద్రపోతున్నాడు. వాడి వెచ్చదనం నాకూ పాకి నా కళ్లు మూతలు పడుతున్నాయి. తోటల వాళ్లు మంచుకి పూత మాడిపోతుందని బెంగపడే రోజులవి. మాకేమో ఆ మంచే పండగ. వెనక సీట్లో పెద్దది కిటికీకి ముఖం ఆనించి, అద్దం మీద ఊపిరి వదిలి, అందులో వేలితో చేప బొమ్మ గీసింది. నేను ముందున్న అద్దంలోంచి చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మామ్మ మా కోసం గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన నాలుగైదు వెదురు గాలాలు, కొబ్బరి చిప్పలో తడి మట్టీ ఎర్రలూ. వానపాముల్ని మా వైపు ఎర్రలే అంటాం. వాటిని చూసి మావారు రెండడుగులు వెనక్కి వేశారు. పిల్లలిద్దరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు, "మగాళ్లకి భయమే బాబూ, కుట్టవులే" అని ఓదార్చింది. ఆ ఓదార్పు విని నేను నవ్వాను.

మామ్మ చెప్పిన పాఠం ఒక్కటే. "బెండు ఊగితే లాగకూడదు. అది చేప పలకరిత్తందంతే. ఇంకా నోట పెట్టుకోలేదు. వట్టి పలకరింపుకి లాగితే ఎరా పోద్ది, చేపా పోద్ది. బెండు బుడుంగుమని మునిగిందనుకోండి, అప్పుడు లాగాలి."

ఆ తరవాత మేం మామ్మని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మావారు గాలం వెనక్కి ఊపి మామిడి కొమ్మని పట్టారు. మామ్మ కొమ్మ వంచి కొక్కెం విప్పింది, ఒక్క పూరెమ్మ రాలకుండా. చిన్నాడు అనుకున్నట్టే దారం చిక్కులు వేశాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదిగో ఈ దారి ఎటు పోతందో సూడు, దాని ఎనకే పోదాం" అంటూ గోటితో ఒక్కో మెలికా తీసింది. విప్పడం అయ్యాక వాడు మళ్లీ వేశాడు, ఆ ఆట బాగుందని. మామ్మ మళ్లీ విప్పింది. అంతా చూస్తూ నాకే అరవాలనిపించింది. ఇక నా సంగతి చెప్పుకుంటే సిగ్గు. బెండు ఊగితే చాలు, నా చెయ్యి నన్నడక్కుండా లేచిపోయేది. ప్రతిసారీ వట్టి కొక్కెం. "పలకరించిందండీ, పలకరించింది" అనేది మామ్మ, ఇంకో ఎర్ర తీసి ఇస్తూ.

పొద్దెక్కింది. మంచు నీళ్ల మీదే కాసేపు తచ్చాడి, తోటలోకి వెళ్లి చెట్ల కింద కనపడకుండా పోయింది. పూత నిండా తేనెటీగలు. ఆ రొద, నీళ్ల మీద ఎండ, ఎక్కడో మోటారు చప్పుడు, అన్నీ కలిసి నన్ను మెల్లగా మత్తులో ముంచుతున్నాయి. మావారు టోపీ ముఖం మీద పెట్టుకుని గట్టు మీదే పడుకున్నారు. నేను గాలం పక్కన పెట్టేశాను. పెద్దది మాత్రం చూపు తిప్పకుండా కూర్చుంది. దానికి చేప పలకరించింది, చాలాసార్లు. ఒక్కసారీ లాగలేదు. బెండు ఒక్కసారీ మునగలేదు.

కాసేపటికి "చెయ్యి లాగుతోంది, కొంచెం పట్టుకుంటారా అండీ?" అని తన గాలం నాకిచ్చింది. పక్కకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. నేను పట్టుకున్నానో లేదో బెండు ఊగింది. నా చెయ్యి మామూలుగానే లేవబోయింది. చల్లటి చిన్న చెయ్యి ఒకటి నా మణికట్టు మీద పడింది.

"ఉండు" అంది.

బెండు ఊగింది. ఆగింది. మళ్లీ ఊగింది. "ఉండు, ఉండు" అంటోంది నా చెవి పక్కన, ఊపిరి బిగబట్టి. బెండు మునిగింది. "ఇప్పుడు! లాగు, లాగవే!"

లాగాను. అరచేతంత చేప ఎండలో తళుక్కుమని వచ్చి గడ్డిలో పడింది. చిన్నాడి కేకలు, మావారు ఉలిక్కిపడి లేవడం, మామ్మ "జిలేబి చేప, జిలేబి" అనడం, "జిలేబీ అయితే తియ్యగా ఉంటుందా?" అని వాడు అడగడం, ఇవన్నీ దూరంగా ఎక్కడో జరుగుతున్నాయి. నా చెవిలో ఒక్క మాటే ఉంది. లాగవే అంది. నన్ను. అచ్చంగా నన్నే.

పిల్లకీ వినిపించినట్టుంది. నా మణికట్టు మీది చెయ్యి తీసేసుకుంది. ముఖం ఎర్రబడింది. "సారీ అండీ" అంది మెల్లగా.

సారీ ఎందుకే పిచ్చిదానా, అలాగే పిలువు, ఎప్పుడూ అలాగే పిలువు అని నోటిదాకా వచ్చింది. నేను ఆపుకున్న మాటలు నా జన్మలో చాలా తక్కువ. అది ఆపుకున్నాను. "ఎంత బాగా పట్టావో" అని మాత్రం అన్నాను. "పట్టింది మీరే కదండీ" అంది, చేపనే చూస్తూ.

ఇంకేమీ పడలేదు. టీ కొట్టాయన చెప్పింది నిజమే. మామ్మకి ఆ పొద్దంతా ఒక్క పరిగె చేప కూడా చిక్కలేదు. వచ్చేటప్పుడు మళ్లీ రమ్మని చిన్నాడి బుగ్గ నిమిరింది.

ఆ ఒక్క చేపనీ మధ్యాహ్నానికి పులుసు పెట్టాను. నలుగురికి ఒక్క జిలేబి. ముక్క కంటే చింతపండే ఎక్కువ. అందరం నేల మీద కూర్చున్నాం. మా ఇంట్లో చేపలు ఎప్పుడు వండినా పెద్దది పులుసు మాత్రం పోయించుకుని "ముక్క వద్దండీ" అనేది. ఇష్టం లేదు కాబోలు అనుకునేదాన్ని. వాళ్ల నాన్నా అలాగే అనుకున్నారు. పట్టింది తనే కదా అని ఆ రోజు నడిమి ముక్క దాని కంచంలో వేశాను. వద్దనలేదు. కాసేపు వేలితో అటూ ఇటూ కదిపింది. తరవాత తలెత్తకుండానే కంచం నా వైపు జరిపింది.

"ముల్లు తీసిపెట్టు" అంది.

మావారి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఏదో అనబోయారు. వద్దని కళ్లతోనే చెప్పాను. ముక్క చేతిలోకి తీసుకున్నాను కానీ కళ్లనీళ్లు అడ్డొచ్చి ముళ్లు కనబడలేదు. వేళ్లతో తడిమి తడిమి, ఒక్కోటీ తీసి, తెల్లటి కండ మాత్రం కంచం అంచున పెట్టాను. పిల్ల అన్నంలో కలుపుకుని తింది. తిని మళ్లీ కంచం జరిపింది.